హోటలు వెనుక తలుపు: వాడిన నూనె ఎటు పోతుంది, జిడ్డు ఎటు పోతుంది

రాత్రి పదకొండు దాటాక ఏదైనా హోటలు వెనుక సందులోకి వెళ్లి చూడండి. ముందువైపు దీపాలు ఆర్పేసి ఉంటారు, వెనుక మాత్రం పని ఇంకా తెమలదు. పకోడీలు, గోబీ మంచూరియా, చికెన్ ముక్కలు వేయించిన నూనె మూకుడులో చల్లారుతూ ఉంటుంది. పక్కన తొట్టిలో బిర్యానీ గిన్నెలు నానుతుంటాయి. నూనెలోని మడ్డిని చిల్లుల గరిటెతో తీసి, మిగిలినదాన్ని గుడ్డలో వడకట్టి ఖాళీ టిన్నుల్లోకి ఒంపుతారు. గిన్నెలు కడిగిన నీళ్లు, పైన తేలే ఎర్రటి నూనె తెట్టుతో సహా, తొట్టి కింది గొట్టంలోకి జారిపోతాయి.

టిన్నులోని నూనెకు కొనేవాడు ఉన్నాడు. గొట్టంలోకి పోయిన జిడ్డుకు ఎవడూ లేడు. హోటళ్ల నూనె గురించి మనం ఏళ్ల తరబడి చెప్పుకుంటున్న ఫిర్యాదులన్నిటికీ మూలం ఈ తేడాలోనే ఉందని నేను నమ్ముతున్నాను. ఆరోగ్యం గురించి, శుభ్రత గురించి ఎన్నో హెచ్చరికలు వింటాం. ఆ టిన్ను ఎంతకు అమ్ముడుపోతుందో, ఎవరికి అమ్ముడుపోతుందో అడిగేవారు తక్కువ.

ముందు నూనె సంగతి. మూకుడులో నూనె సాధారణంగా 170, 180 డిగ్రీల దగ్గర కాగుతుంది. తడి పిండి అందులో పడగానే నీరు ఆవిరై బుడగలుగా పైకి వస్తుంది. ఆ నీటి ఆవిరే నూనె అణువులను విడగొట్టి, వాటిలోని కొవ్వు ఆమ్లాలను వేరు చేస్తుంది. పైన తగిలే గాలిలోని ఆక్సిజన్ నూనెతో కలిసి ఆల్డిహైడ్లు వంటి ఘాటైన పదార్థాలను పుట్టిస్తుంది. ఇక వేడికి కొన్ని అణువులు ఒకదానికొకటి అతుక్కుని బరువైన గొలుసులవుతాయి. పాత నూనె తేనెలా చిక్కబడడానికి, మూకుడు అంచున ఎంత తోమినా పోని గోధుమరంగు జిగురు కట్టడానికి కారణం ఆ గొలుసులే. నీరు, గాలి, వేడి, ఈ మూడూ ఒకేసారి పనిచేస్తాయి. వేయించడం అంటేనే ఆ మూడింటినీ నూనె మీదికి వదలడం. కాబట్టి పాడవని వేపుడు నూనె అంటూ ఉండదు. ఎంత వేగంగా పాడవుతుందన్నదే లెక్క.

ఆ లెక్కకు ఒక కొలత ఉంది. చెడిన అణువులన్నిటికీ ఉమ్మడిగా ఒక గుణం ఉంటుంది. తాజా నూనె అణువులతో పోలిస్తే వాటికి విద్యుత్ ధ్రువత ఎక్కువ. అందుకే వాటిని పోలార్ పదార్థాలు అంటారు, మొత్తం శాతాన్ని టీపీసీ అని పిలుస్తారు. తాజా నూనెలో ఇది సాధారణంగా పది శాతం లోపే ఉంటుంది. 25 శాతం దాటితే ఆ నూనెలో ఇక వంట చేయకూడదని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, నిబంధన పెట్టింది. అది 2018 జులై 1 నుంచి అమలులో ఉంది. అంటే మూకుడులోని ప్రతి నాలుగు గరిటెల నూనెలో ఒక గరిటె చెడిన సరుకు అయ్యేదాకా చట్టం ఓర్చుకుంటుంది. ఆ తర్వాత ఓర్చుకోదు.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటి ఉంది. రెండోసారి కాచిన నూనె అంటే విషమనీ, రోడ్డు పక్క బండి మీద వేసే బజ్జీ కన్నా ఏసీ హోటల్లో వేసేది మంచిదనీ ఒక నమ్మకం పాతుకుపోయింది. నూనె ఆరోగ్యం అది ఎన్నిసార్లు కాగిందన్నదాని మీదే కాక, ఎంత వేగంగా ఖర్చవుతోందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. వేగిన ప్రతి వాయీ కొంత నూనెను తనతో తీసుకుపోతుంది. ఆలుగడ్డ చిప్స్ బరువులో దాదాపు మూడో వంతు నూనే ఉంటుంది. అందుకే పెద్ద చిప్స్ కర్మాగారాల్లో నూనె కొన్ని గంటల్లోనే పూర్తిగా మారిపోతుంది, పాడయ్యే వ్యవధి దానికి దొరకదు. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా ఊపిరి సలపని గిరాకీ ఉన్న బజ్జీల బండిలోనూ దాదాపు ఇదే జరుగుతుంది. గిరాకీ లేని పెద్ద హోటల్లో, ఎప్పుడో ఒక ఆర్డరు వస్తుందని పొద్దుటి నుంచి రాత్రి దాకా సన్నని మంట మీద కాగుతూ ఉండే నూనె పరిస్థితి అంతకన్నా ఘోరంగా ఉండవచ్చు. ఖాళీగా కాగే నూనె వంటకు పనికిరాకుండానే పాడైపోతుంది. ఏమీ వేయించని వేళ పొయ్యి ఆర్పేయడం ఖర్చులేని మందు. అయినా దాన్ని పాటించే వంటగదులు తక్కువే.

రంగును నమ్ముకోవడం మరో పొరపాటు. మసాలా పట్టించిన చికెన్ వేయిస్తే ఒక పూటలోనే నూనె నల్లబడుతుంది. పూరీలు మాత్రమే వేయిస్తే రెండు రోజులైనా తేటగానే కనిపిస్తుంది. రంగు తీసే మట్టిలో వడకడితే బాగా ముదిరిన నూనె కూడా కొత్తదానిలా మెరుస్తుంది, లోపలి గొలుసులు మాత్రం చాలావరకు అలాగే ఉంటాయి. నురగ, చిక్కదనం, మామూలు వేడికే పొగ రావడం కాస్త నమ్మదగిన గుర్తులు. అనుభవం ఉన్న వంటమనిషి ఆ నురగను చూసే చెప్పేస్తాడు: మంచి నూనెలో బుడగలు పెద్దవిగా వచ్చి వెంటనే పగులుతాయి, ముదిరిన నూనెలో సబ్బు నురగలా సన్నగా పొంగి నిలిచిపోతాయి. కచ్చితంగా తెలియాలంటే వేడి నూనెలో ముంచి టీపీసీ చూపే మీటరు ఉండాలి. దాని ధర వేలల్లో ఉంటుంది, చిన్న హోటలు యజమాని దాన్ని కొనడు. అందుకే ఆ మీటరు తనిఖీ అధికారి చేతిలోనే కనిపిస్తుంది తప్ప నూనె మార్చాలా వద్దా అని నిర్ణయించే మనిషి చేతిలో కనిపించదు.

ముదిరిన నూనె వల్ల జరిగే హాని గురించి అతిశయోక్తులు చాలా ఉన్నాయి. గుండెకు చెడు చేసే ట్రాన్స్ ఫ్యాట్ అనే కొవ్వు విపరీతంగా పెరిగిపోతుందని చెబుతుంటారు. మామూలు వేపుడు వేడిలో పుట్టే ట్రాన్స్ ఫ్యాట్ తక్కువే, అసలు భయం ఆల్డిహైడ్ల వంటి పదార్థాలతో. స్పెయిన్‌లోని పిజార్రా అనే ఊరిలో ఇళ్ల వంటగదుల నుంచి నూనె నమూనాలు తీసి పరీక్షించి, చెడిన నూనెకూ రక్తపోటుకూ సంబంధం కనిపించిందని 2003లో ఒక అధ్యయనం చెప్పింది. తినేవాడి గురించి ఇన్ని మాటలు వచ్చాయి కానీ, పొయ్యి ముందు నిలబడేవాడి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. తీవ్రమైన వేడి మీద వేయించేటప్పుడు వచ్చే పొగ మనుషుల్లో బహుశా క్యాన్సర్‌కు కారణమవుతుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లో వర్గీకరించింది. నూనె ముదిరేకొద్దీ తక్కువ వేడికే పొగ వస్తుంది. ఆ పొగ ముందుగా చేరేది రోజుకు పది గంటలు మూకుడు ముందు నిలబడే కార్మికుడి ఊపిరితిత్తుల్లోకే.

ఇక టిన్ను ప్రయాణం.

వాడిన నూనెను బయోడీజిల్ అనే ఇంధనం తయారీ వైపు మళ్లించాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 ఆగస్టు 10న, జీవ ఇంధన దినోత్సవం నాడు, రూకో అనే కార్యక్రమం మొదలుపెట్టింది. 2019 మార్చి 1 నుంచి రోజుకు 50 లీటర్లకు మించి వేపుడు నూనె వాడే వ్యాపారులు లెక్కల పుస్తకం రాయాలనీ, వాడిన నూనెను అనుమతి పొందిన సేకరణదారులకే ఇవ్వాలనీ ఆదేశించింది. అదే ఏడాది ఆగస్టులో ప్రభుత్వ చమురు కంపెనీలు 100 నగరాల్లో ఈ బయోడీజిల్‌ను కొంటామని ప్రకటించాయి. దేశంలో ఏటా వాడే 2,700 కోట్ల లీటర్ల వంటనూనెలో హోటళ్లు, క్యాంటీన్ల వంటి పెద్ద వంటగదుల నుంచి 140 కోట్ల లీటర్లు సేకరించవచ్చనీ, దాని నుంచి 110 కోట్ల లీటర్ల బయోడీజిల్ వస్తుందనీ పెట్రోలియం శాఖ అప్పట్లో లెక్క వేసింది.

ఆ ప్రకటనలోనే ధర కూడా ఉంది. బయోడీజిల్‌కు తొలి ఏడాది లీటరుకు 51 రూపాయలు, రెండో ఏడాది 52.7, మూడో ఏడాది 54.5. ఇప్పుడు సేకరణదారు వైపు నుంచి చూద్దాం. అతను టిన్నులు పోగుచేసుకుని, రవాణా ఖర్చు పెట్టుకుని, నూనెను కర్మాగారానికి చేర్చాలి. కర్మాగారం ఆ నూనెలోని నీటిని, మడ్డిని తీసేయాలి, వంద కిలోలకు పది కిలోలకు పైగా మిథనాల్ కలపాలి, క్షారం వాడాలి, గ్లిజరిన్‌ను వేరు చేయాలి. ఇన్ని ఖర్చులు పోను హోటలు వాడికి చెల్లించగలిగేది ఆ 51 రూపాయల్లో ఒక భాగమే. 2021, 2022లో సన్‌ఫ్లవర్ నూనె లీటరు 150 రూపాయలు దాటింది. తాజా నూనె ధర అలా పైకి పోతుంటే, పాత నూనెను తిండి కోసమే మళ్లీ కొనే దళారి బయోడీజిల్ వాడికన్నా ఎక్కువ ఇవ్వగలడు. ఇచ్చినా అతనికి లాభమే. ఆ నూనెను తాజా ధరలో సగానికి కొనుక్కునే చిన్న బండివాడికీ లాభమే. ఆ సాయంత్రం బజ్జీ తిన్నవాడు ఒక్కడే దాని మూల్యం చెల్లించాడు, అది అతనికి తెలియలేదు.

కాబట్టి హోటలు యజమానుల దురాశ అనే ఒక్క మాటతో ఈ సమస్య తేలదు. అప్పట్లో బయోడీజిల్ ధరను మూడేళ్లకు ముందే కట్టేశారు, దాని పోటీ ధరేమో అంతర్జాతీయ విపణితో పాటు ఎగిసిపడింది. మన దేశానికి కావలసిన వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. 2022 ఏప్రిల్ చివర ఇండొనేషియా పామాయిల్ ఎగుమతిని కొన్ని వారాలు ఆపేస్తే ఆ సెగ మన వంటగదులకూ తగిలింది. 2024 సెప్టెంబరులో ముడి నూనెల దిగుమతి సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి పెంచారు, 2025 మేలో 16.5కు తగ్గించారు. సుంకం పెంచినప్పుడు నూనెగింజల రైతుకు మేలు జరగవచ్చు, దాన్ని నేను కాదనను. కానీ వంటనూనె ధర పెరిగిన ప్రతిసారీ పాత టిన్నును తిండి వైపు లాగే బలం కూడా పెరుగుతుంది. సుంకం నిర్ణయించేవారు, బయోడీజిల్ ధర నిర్ణయించేవారు, ఆహార తనిఖీ చేసేవారు వేరువేరు శాఖలవారు. టిన్ను మాత్రం ఒకటే.

యాభై లీటర్ల గీత మరో చిక్కు. రోజూ యాభై లీటర్లకు మించి వాడేది పెద్ద హోటళ్లు, మిఠాయి దుకాణాలు, క్యాంటీన్లు. వాటి దగ్గర పుస్తకం ఉంటుంది. కానీ ఆ నూనెను కొనుక్కునే చిన్న బండి దగ్గర పుస్తకం ఉండదు, తాను వాడింది ఎక్కడ కొన్నాడో చెప్పాల్సిన పనీ ఉండదు. 25 శాతం హద్దు అతనికీ వర్తిస్తుంది, కాదనను. అయితే కొత్త నూనె కలిపి ఆ హద్దు నుంచి ఎంత తేలిగ్గా తప్పించుకోవచ్చో ఒక లెక్క చూడండి. పది లీటర్ల నూనె 24 శాతానికి చేరింది. అందులో మూడు లీటర్లు బజ్జీలతో పోయాయి, వాటి స్థానంలో 6 శాతం ఉన్న తాజా నూనె మూడు లీటర్లు పోశారు. మీటరు 18.6 చూపిస్తుంది. తనిఖీ అధికారి వెళ్లిపోతాడు. అడుగున మిగిలిన ఏడు లీటర్ల పాత నూనె కొత్తదాన్ని కూడా వేగంగా పాడుచేస్తుంది, మర్నాటికి మళ్లీ హద్దు దగ్గరే. కలపడం దానికదే నేరం కాదు, ఇందాక చెప్పిన చిప్స్ కర్మాగారం కూడా కలుపుతూనే ఉంటుంది. రాత్రి మిగిలిపోయినదాన్ని ఎన్నడూ పూర్తిగా తీసేయకుండా, వారాల తరబడి దాని మీదే పోస్తూ పోవడంలో ఉంది మోసం.

ఈ మధ్య లెక్క కొంత మారుతోంది. విమాన ఇంధనానికి వాడిన వంటనూనె మంచి ముడిసరుకు. మన దేశం నుంచి వెళ్లే అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027కి 1 శాతం, 2028కి 2 శాతం ఇలాంటి సుస్థిర ఇంధనం కలపాలన్నది కేంద్రం పెట్టుకున్న లక్ష్యం. ఇండియన్ ఆయిల్ పానిపట్ రిఫైనరీ వాడిన వంటనూనె నుంచి విమాన ఇంధనం తయారీకి 2025లో అంతర్జాతీయ ధ్రువీకరణ పొందింది. విమానం వాడు తిండి దళారి కన్నా ఎక్కువ ఇస్తే టిన్ను తనంతట తానే దారి మార్చుకుంటుంది. చైనాలో మురుగు కాలువల్లోని నూనెను తోడి మళ్లీ వంటకు అమ్మే ముఠాలను 2011లో పెద్ద ఎత్తున అరెస్టు చేశారు. ఆ తర్వాతి ఏళ్లలో అక్కడి వాడిన నూనె యూరప్, అమెరికా ఇంధన విపణికి భారీగా ఎగుమతి అయింది. పోలీసులు చేయలేని పనిని ధర కొంతవరకు చేయగలదు. అయితే ధర మరీ పెరిగితే దాని ప్రమాదం దానికుంది: తాజా పామాయిల్‌నే వాడిన నూనె పేరుతో ఇంధనానికి అమ్ముతున్నారన్న అనుమానాలు యూరప్‌లో ఇప్పటికే గట్టిగా ఉన్నాయి. అందుకే ప్రతి టిన్ను ఏ వంటగదిలో పుట్టిందో చెప్పే చీటీ ముఖ్యం.

తెలుగు నేలకు ఈ కథతో దగ్గరి సంబంధం ఉంది. దేశంలో ఆయిల్ పామ్ పంటలో సింహభాగం మన రెండు రాష్ట్రాలదే. ఓడల్లో వచ్చే ముడి నూనె కాకినాడ, కృష్ణపట్నం రేవుల దగ్గరి రిఫైనరీల్లో శుద్ధి అవుతుంది. బయోడీజిల్ కర్మాగారం కూడా కాకినాడలో ఉంది. ఆ రేవులో దిగిన నూనె ఏ విజయవాడ హోటల్లోనో వేగి, చివరికి ఇంధనంగా మారేందుకు అదే ఊరికి తిరిగి రావడానికి కావలసినవన్నీ ఇక్కడే ఉన్నాయి. మధ్యలో దారి తప్పేది హోటలు వెనుక తలుపు దగ్గరే.

ఇప్పుడు గొట్టంలోకి పోయిన జిడ్డు దగ్గరికి వద్దాం. దీని గురించి మాట్లాడేవారు తక్కువ, చెప్పాల్సింది మాత్రం ఎక్కువ.

బిర్యానీ గిన్నెకు అంటిన డాల్డా, మాంసం కొవ్వు, గ్రేవీ మీది తేట, ఇవన్నీ వేడినీళ్లతో కరిగి కిందికి పోతాయి. చాలా వంటగదుల్లో ఇక్కడితో పని అయిపోయిందనే అనుకుంటారు. సబ్బునీళ్లు, వేడినీళ్లు జిడ్డును మాయం చేయవు, మన కంటికి కనిపించని చోటిదాకా తోసుకుపోతాయి, అంతే. నీళ్లు చల్లారిన చోట జిడ్డు గడ్డకడుతుంది. కాలువ గోడల సిమెంటులోని కాల్షియం ఆ కొవ్వు ఆమ్లాలతో కలిసి రాయిలాంటి సబ్బు అవుతుంది, దానికి ప్లాస్టిక్ సంచులు, టిష్యూలు అంటుకుంటాయి. 2017లో లండన్ వైట్‌చాపెల్ ప్రాంతంలో బయటపడిన అలాంటి ముద్ద 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు ఉంది. మన ఊళ్లలో అంత పెద్దది కనబడకపోవచ్చు. వాన పడగానే హోటళ్ల వీధిలో మ్యాన్‌హోల్ పొంగడం మాత్రం అందరం చూస్తున్నదే.

దీనికి చట్టం లేదనుకోవద్దు. పర్యావరణ పరిరక్షణ నిబంధనల ప్రకారం మురుగు కాలువలోకి వదిలే వ్యర్థజలంలో నూనె, జిడ్డు లీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు, నదులు, చెరువుల్లోకి అయితే 10 మిల్లీగ్రాములే. ఒక్క చెంచా నూనె కొన్ని వందల లీటర్ల నీటిని ఆ హద్దు దాకా తెచ్చేస్తుంది. ఆ హద్దులో ఉండాలంటే తొట్టికీ కాలువకూ మధ్య గ్రీజ్ ట్రాప్ ఉండాలి. అది ఏ యంత్రమూ కాదు, అడ్డుగోడలున్న పెట్టె మాత్రమే. నీళ్లు అందులో నెమ్మదించి చల్లారతాయి. జిడ్డు పైకి తేలుతుంది, మెతుకులు, మసాలా అడుగున చేరతాయి, మధ్యలోని తేట నీళ్లు మాత్రం బయటికి పోతాయి. పై జిడ్డు, అడుగు మడ్డి కలిసి లోతులో నాలుగో వంతుకు చేరితే తీసేయాలి. ఆ తర్వాత నీళ్లు నెమ్మదించడానికి చోటు చాలదు, జిడ్డు సూటిగా కాలువలోకి పోతుంది. కొవ్వు బాగా వాడే వంటగదిలో తొట్టి కింది చిన్న పెట్టె కొన్ని రోజుల్లోనే ఆ స్థితికి వస్తుంది. హైదరాబాద్ జలమండలి హోటళ్లు, వాణిజ్య భవనాల ముందు మడ్డిని ఆపే సిల్ట్ చాంబర్లు కట్టాలని అడుగుతూ వస్తున్నది ఇందుకే. కట్టడం ఒక్కసారి జరిగే పని, అనుమతుల కోసం కడతారు. ప్రతి వారం మూత తెరవడం మాత్రం ఎవరూ తలకెత్తుకోరు.

ఎందుకు తెరవరో నాకు అర్థమవుతుంది. ఆ జిడ్డులో నీళ్లు, ఎముకలు, సబ్బు అన్నీ కలిసి ఉంటాయి, వాసన భరించలేం. కొవ్వు ఆమ్లాలు బాగా ఎక్కువ కాబట్టి మామూలు పద్ధతిలో బయోడీజిల్ చేయబోతే సబ్బు కట్టేస్తుంది, ముందుగా యాసిడ్‌తో శుద్ధి చేయాలి, ఖర్చు పెరుగుతుంది. బయోగ్యాస్‌కు అది చక్కగా పనికొస్తుంది, కానీ ఆ ప్లాంటు దాకా తీసుకెళ్లేదెవరు? తీసుకెళ్లడానికి డబ్బు ఎదురివ్వాలి. అర్ధరాత్రి వీధి మ్యాన్‌హోల్ మూత ఎత్తి ఒంపేస్తే ఖర్చేమీ లేదు.

ఆ మ్యాన్‌హోల్ మూసుకుపోయినప్పుడు ఏం జరుగుతుందో చెప్పకుండా ఈ విషయం ముగించలేను. గాలి ఆడని చోట మురుగు కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. మోతాదు పెరిగితే ఆ వాయువు ముందు వాసన తెలిసే శక్తినే పోగొడుతుంది, తర్వాత మనిషిని నిలువునా కూల్చేస్తుంది. రక్షణ లేకుండా మనుషులను మురుగులోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అలా చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాద్‌లో 2017లో ఇరుకు సందుల్లోకీ వెళ్లి, నీటిని బలంగా చిమ్మి కాలువ అడ్డంకులు తీసే చిన్న జెట్టింగ్ యంత్రాలు 70 రంగంలోకి దిగాయి. అది నిజంగా మంచి పని. అయినా దేశంలో మనుషులు ఇంకా దిగుతున్నారు, ఇంకా చనిపోతున్నారు. వాళ్లు తీసే అడ్డంకిలో మనం వారాంతాన తిన్న బిర్యానీ కొవ్వు ఉంది.

వంటగదిలో చేయగలిగినది చాలానే ఉంది, అదీ నీళ్లు తగలకముందే చేయాలి. గిన్నెలోని మిగులును గీకి తడి చెత్త బుట్టలో వేయాలి. అంటిన జిడ్డును పాత కాగితంతోనో గుడ్డతోనో తుడిచాకే తొట్టిలో పెట్టాలి. ట్రాప్‌లోకి చేరే భారం దీనితోనే బాగా తగ్గుతుంది. ఈ పని చేయాల్సింది వంటగదిలో అందరికన్నా తక్కువ జీతం తీసుకునే, అందరికన్నా ఆలస్యంగా ఇంటికి వెళ్లే గిన్నెలు తోమే మనిషి. అతనికి దానికోసం మరో అరగంట, ఆ అరగంటకు కూలి ఇవ్వకుండా గోడమీద బోర్డు రాసి పెడితే ప్రయోజనం లేదు.

ఇక ట్రాప్‌లోని జిడ్డుకు దారి చూపాలంటే, ధర ఉన్న నూనెనే ధర లేని జిడ్డుకు ఆసరాగా నిలబెట్టాలి. నూనె టిన్నుల కోసం సేకరణదారు వాహనం ఎలాగూ వెనుక తలుపు దాకా వస్తుంది. అదే వాహనం మూత గట్టిగా బిగించిన మరో పీపాలో ట్రాప్ జిడ్డునూ తీసుకెళ్లాలి, నూనెకు ఇచ్చే సొమ్ములోంచి ఆ ఖర్చును మినహాయించుకోవాలి. పురపాలక సంఘం ట్రేడ్ లైసెన్సు పునరుద్ధరించేటప్పుడు రెండు చీటీలూ అడగాలి: నూనె ఎన్ని లీటర్లు ఇచ్చారు, జిడ్డు ఎన్ని కిలోలు ఇచ్చారు. నెలకు రెండు వందల లీటర్ల వాడిన నూనె ఇచ్చి ఒక్క కిలో జిడ్డు కూడా ఇవ్వని హోటలు ఉంటే, ముందుగా మూత ఎత్తి చూడాల్సింది ఆ వీధిలోని మ్యాన్‌హోల్‌నే.